ఎరవు గుఱ్ఱము

లోకమున ఇచ్చిపుచ్చుకొను వ్యవహారములు పెక్కు గలవు. వానిలో రెంటికి తెలుగువారు చక్కని భేదమును పాటించిరి. ధాన్యము గాని ధనము గాని తీసికొని, వాడుకొని, అట్టిదే మరియొకటి మరల నిచ్చుట అప్పు. నగ గాని పాత్ర గాని బండి గాని తీసికొని, పని తీరిన వెనుక ఆ వస్తువునే మరల నిచ్చుట ఎరవు. పొరుగింటినుండి తెచ్చిన వడ్లు తిని వేఱు వడ్లు కొలిచి యిచ్చినచో తప్పు లేదు. పొరుగింటి కాసులపేరు పెండ్లికని తెచ్చి, కరగించి, అంత తూకము బంగారమును మరల నిచ్చినచో పొరుగామె యేమనునో చదువరులే యూహింపవచ్చును. రోమకుల ధర్మవేత్తలు ఈ భేదమునే మ్యూచువమ్ అనియు కమ్మొడాటమ్ అనియు రెండు పేళ్లతో వివరించి గ్రంథములు వ్రాసిరి. మన యిల్లాండ్రు గ్రంథములు చదువకయే దాని నెఱిగియున్నారు. “ఎరవు సొమ్ము బరువు చేటు” అను సామెతను పుట్టించినవారు ఏ న్యాయస్థానమునకును పోయినవారు కారు.

ఎరవు వస్తువు లన్నింటిలో గుఱ్ఱము వేఱు. గొడుగును ఎరవు తెచ్చినవాడు మఱచిపోవును; పుస్తకమును ఎరవిచ్చినవాడు మఱచిపోవలసినదే. ఆ రెండును కదలని వస్తువులు. గుఱ్ఱమునకో కాళ్లు గలవు, ఆకలి గలదు, ఇష్టానిష్టములు గలవు. యజమానుని యెదుట సాధువైనది ఎరవు తెచ్చినవాని క్రింద సాధువుగా నుండవలెనను నియమము లేదు. తెచ్చినవాడు మరల నీయ నిచ్చగింపకున్నను అది త్రాడు తెంచుకొని తన యింటికి తానే పోగలదు. ఇట్టి వస్తువును గూర్చి మనుష్యులు చేసికొన్న ఒడంబడికలలో, ఏ దేశమున చూచినను, కొంత నవ్వు దొరకుచున్నది. ఆ నవ్వు వెనుక మనుష్యస్వభావమును గలదు. కొంత దుఃఖమును గలదు. వానిలో గొన్నింటి నిచట పరిశీలింప దలచితిమి.

మనకు దెలిసిన పాత ఎరవు గుఱ్ఱముల కథలలో మిక్కిలి చక్కనిది మహాభారతమున వనపర్వమునందు మార్కండేయుడు చెప్పినది. ఇక్ష్వాకువంశపు రాజగు శలుడు వేటకుబోయి యొక మృగమును తఱిమెను. అది చిక్కలేదు. సారథి, వామ్యములను గుఱ్ఱములు పూన్చినగాని యది చిక్కదని చెప్పెను. ఆ గుఱ్ఱములు వామదేవ మహర్షివి. రాజు మహర్షికడకు బోయి యాచించెను. మహర్షి యిచ్చెను. ఇచ్చుచు, పని తీరిన వెంటనే మరల తెచ్చి యీయవలెనని చెప్పెను. చూడుడు! ఒడంబడిక యెంత క్లుప్తముగా నున్నదో. ఏ పనికి, ఎంతకాలము, ఎవరికి — మూడును తేలినవి. సాక్షి కూడ సారథియే. కాగితమొక్కటే తక్కువ.

మృగము చిక్కెను. గుఱ్ఱములను చూచినకొలది రాజునకు వానిమీద మమకారము హెచ్చెను. ఇట్టి అశ్వరత్నములతో బ్రాహ్మణునకేమి పనియని నిశ్చయించుకొని అంతఃపురమున కట్టివేయించెను. నెల గడచెను. మహర్షి శిష్యుని బంపెను. రాజు త్రిప్పి పంపెను. మహర్షి స్వయముగా వచ్చెను. అప్పుడు రాజు చేసిన బేరము మిక్కిలి రమ్యమైనది. మీకు ఎద్దులు తగును, కావలసిన గాడిదలను తీసికొనుడు, కంచరగాడిదలను తీసికొనుడు, ఆ గుఱ్ఱములను మాత్రమడుగవలదు అనెను. ఎరవును అప్పుగా మార్చుటకు లోకమున జరిగిన ప్రయత్నములలో దీనికి మొదటి పీట వేయవచ్చును. అప్పునకైనను గుఱ్ఱమునకు గుఱ్ఱమీయవలెనుగాని గాడిద చెల్లదుగదా!

కథ అటుపై నవ్వు విడిచి భయంకరమగును. మహర్షి మాటకు రాక్షసులు పుట్టి శలుని చంపిరి. అతని తమ్ముడు దళుడు రాజై, అన్న పట్టిన పట్టునే పట్టి, మహర్షిపై విషబాణము వేయబోయెను. అది మహర్షికి తగులక దళుని పదేండ్ల కొడుకునే కూల్చెను. రెండవ బాణము వేయబోవ చెయ్యి కదలలేదు. కడపట దళుని రాణి వినయవాక్యములతో ఆపద తీఱెను. గుఱ్ఱములు మహర్షి కడకు చేరెను. రెండు ప్రాణములు పోయిన పిదప, మొదటిదినము మాటలో నున్న నియమమే చెల్లెను. ఈ కథలో గుఱ్ఱములకు అపకారమేమియు జరిగినట్లు లేదు. నష్టమంతయు వానిని పట్టుకొన్నవారిదే.

మన ధర్మశాస్త్రకారులు ఎరవు వస్తువునకు యాచితకమని పేరు పెట్టిరి. దాచుటకిచ్చిన నిక్షేపమునకు జెప్పిన విధియే యాచితమునకును వర్తించునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. కౌటిల్యుడు ఇంకను లౌకికుడు. అతని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుడు రాజుగారి సాలలోని గుఱ్ఱములను వ్రాసికొనవలసిన పట్టిక యొకటి కలదు. అమ్మకమునకు వచ్చినవి, కొన్నవి, యుద్ధమున పట్టుకొన్నవి, సాలలోనే పుట్టినవి, సాహాయ్యమునకై వచ్చినవి, తాకట్టుగా నున్నవి, కొంతకాలమునకు మాత్రము నిలిపినవి అని యేడు విధములు. కులము, వయస్సు, వన్నె, చిహ్నము, ఎచటినుండి వచ్చినది — అన్నియు వ్రాయవలెనట. కౌటిల్యుని యీ పట్టిక శలునికడ నుండినచో వామ్యాశ్వముల పేళ్లు ఏడవ వరుసలో బడి, కథ యొక పుటలో ముగిసియుండును.

ఇక పడమటికి బోవుదము. రోమునగరమున నొకడు అరీకియా యను పట్టణమువఱకు పోవుటకు గుఱ్ఱమును ఎరవు తెచ్చెను. ఆ యూరు ఆప్పియను రాజమార్గమున రోమునకు సుమారు 16 మైళ్ల దూరమున నున్నది. అతడు ఆ యూరు చేరి ఊరకుండక, దాని యావలి మెట్టవఱకు స్వారిచేసెను. గుఱ్ఱపువాడు న్యాయాధిపతుల కడకు పోయెను. వారు ఆ సవారీని దొంగతనమని తీర్మానించి శిక్షించిరి. ఈ సంగతిని క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వాలేరియస్ మాక్సిమస్ వ్రాసెను. ఇంత చిన్న యతిక్రమమునకును శిక్ష వేసిన ఆ కాలపు మర్యాదను అతడు మెచ్చుకొనెను. రెండవ శతాబ్దమున గాయుస్ అను ధర్మవేత్త ఈ సూత్రమునే తన పాఠ్యగ్రంథమున జేర్చి, స్వారికై తెచ్చిన గుఱ్ఱమును యుద్ధపంక్తిలోనికి తోలినవానిని గూర్చి పూర్వులు వ్రాసిన యుదాహరణమును సూచించెను. అరీకియా మెట్ట ఎక్కినవానికిని యుద్ధములోనికి దూకినవానికిని ఒకటే పేరు — దొంగ. కాని యజమాని యొప్పుకొనునని నిజముగా నమ్మి పోయినవానికి దోషము లేదని వారే మరల నొక ద్వారము తెఱచిరి. ఆ ద్వారమున ఎన్ని గుఱ్ఱములు పోయెనో చెప్పజాలము.

రోమకుల యీ మెట్ట పదునేడు నూర్లయేండ్ల తరువాత ఇంగ్లండున మరల నగుపడినది. 1703లో కాగ్స్‌కును బెర్నార్డునకును నడచిన వ్యాజ్యమున హోల్టు అను ప్రధాన న్యాయాధిపతి ప్రసిద్ధమైన తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము బ్రాందీ పీపాలను గూర్చినది. మోయించుటకు ఒప్పుకొన్నవాని అజాగ్రత్తవలన పీపా యొకటి పగిలి బ్రాందీ నేలపాలయ్యెను. న్యాయాధిపతి మాత్రము పీపాతో తృప్తిపడక, పరవస్తువును చేతబట్టిన వారినందఱిని ఆఱు తెగలుగా విభజించి, ఎరవు తెగకు వచ్చునప్పటికి గుఱ్ఱమునే యుదాహరించెను. పడమటికి పోవుటకని గుఱ్ఱమును ఎరవు తెచ్చి ఉత్తరమునకు పోయినచో, త్రోవలో ఏ హాని కలిగినను తెచ్చినవాడే బాధ్యుడు. నెలకని తెచ్చి నెల దాటి యుంచుకొన్నను అంతియే. సాలలో కట్టిన గుఱ్ఱమును దొంగలు తోలుకొనిపోయినచో అతని తప్పు లేదు. సాల తలుపు తెఱచియుంచినచో తప్పు గలదు. సర్ విలియమ్ జోన్సు 1781లో ఈ విషయమునుగూర్చియే యొక గ్రంథము వ్రాసెను. రెండేండ్లకు కలకత్తా చేరి సంస్కృతము నేర్చి, శాకుంతలమును ఇంగ్లీషులోనికి మార్చినది ఈతడే. ఎరవు ధర్మమును విచారించిన బుద్ధియే కాళిదాసును గుర్తించుట మావంటి పండితులకు సంతోషకరము.

ఈ పరంపరకు మనదేశమున పట్టము గట్టినది 1872 నాటి భారత ఒడంబడికల చట్టము. నేటికిని అమలులోనున్న యీ చట్టమును న్యాయవాదులు తప్ప ఎవరును వినోదమునకై చదువరు. అది వారి దురదృష్టము. ప్రతి సూత్రము క్రిందను చిన్న చిన్న యుదాహరణములు గలవు. వానిలో ‘ఏ’ అను పెద్దమనిషియు ‘బీ’ అను పెద్దమనిషియు నిరంతరము గుఱ్ఱములను ఇచ్చిపుచ్చుకొనుచుందురు. ఒక్కటియు సుఖముగా ముగియదు.

‘ఏ’ తన గుఱ్ఱము పొగరుబోతని యెఱిగియు చెప్పక ‘బీ’కి ఎరవిచ్చును. గుఱ్ఱము పరుగెత్తును, ‘బీ’ క్రిందపడి గాయపడును, ‘ఏ’ నష్టపరిహారమీయవలెను. మరియొకచోట ‘ఏ’ తన గుఱ్ఱమును ‘బీ’ స్వయముగా ఎక్కుటకు మాత్రమే యిచ్చును. ‘బీ’ దానిని ఇంటిలోని ‘సీ’కి ఇచ్చును. ‘సీ’ ఎంతో జాగ్రత్తగా నడపినను గుఱ్ఱమే కాలుజాఱి పడును. అయినను ‘బీ’ చెల్లింపవలెను. ఇంకొకచోట ‘ఏ’ కలకత్తాలో కాశికి పోవుటకని స్పష్టముగా జెప్పి గుఱ్ఱమును బాడుగకు తెచ్చును. మిక్కిలి జాగ్రత్తగా స్వారి చేయును. కాని కాశికి గాక కటకమునకు పోవును. అచట గుఱ్ఱము పడును.

ఈ కడపటి యుదాహరణమును ఎన్నిమారులు చదివినను మాకు తృప్తి కలుగదు. కాశి కలకత్తాకు వాయవ్యమున నున్నది. కటకము నైరృతిని నున్నది. త్రోవ తప్పి ఒకదానికి బదులు రెండవది చేరుట యసంభవము. మఱి ‘ఏ’ ఏల కటకము పోయెను? విశ్వనాథుని సేవింప బయలుదేరి నడుమ జగన్నాథునిపై మనస్సు మరలెనో, కాశిలో బాకీదారుడెవడైన కాచుకొనియుండెనో, చట్టము చెప్పదు. చట్టమునకు కావలసినది కారణము కాదు, దిక్కు. రోమునందు అరీకియా మెట్ట దాటినవాడు, ఇంగ్లండున ఉత్తరమునకు తిరిగినవాడు, బంగాళమున కటకము చేరినవాడు — మువ్వురును ఒక్కడే. రెండువేల యేండ్లుగా ఒకే రౌతు ఒకే తప్పు చేయుచున్నాడు. ఒక్క మార్పు మాత్రము కలిగినది. రోమకులు వానిని దొంగయనిరి, కలకత్తావారు పరిహారమిమ్మనిరి. ఇది నాగరికతయందలి యభివృద్ధియే.

అమ్మకపు సూత్రములలోని గుఱ్ఱములును చూడదగినవే. వేలములో రోగపు గుఱ్ఱమును అమ్ముచు ఊరకున్న ‘ఏ’ మోసగాడు కాడు. కొనునది అప్పుడే ప్రాప్తవయస్కురాలైన అతని కూతురైనచో మాత్రము నోరు విప్పవలెను. కొనువాడు “నీవు కాదనకున్న గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదనుకొందును” అని యడిగినప్పుడు ‘ఏ’ ఊరకుండినచో ఆ మౌనము మాటతో సమానము. మౌనము అర్ధాంగీకారమని మనము సగము చెప్పి విడిచితిమి. చట్టము పూర్తి చేసినది. బేరము కుదిరిన క్షణమునకు ముందే గుఱ్ఱము చచ్చియుండి, ఇరువురకును తెలియకున్నచో ఆ బేరము చెల్లదట.

చచ్చిన గుఱ్ఱమునకు వెలయిచ్చిన రాజులును మన దక్షిణదేశమున గలరు. మంచి గుఱ్ఱములు ఇచట పుట్టవు. అరేబియానుండియు పారసీకమునుండియు ఓడలమీద రావలెను. 13వ శతాబ్దపు చివర పాండ్యదేశమునకు కైస్ ద్వీపమునుండి యేటేట 1,400 గుఱ్ఱములు వచ్చు నొడంబడికను పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ వ్రాసియున్నాడు. ఒక్కొక్కటి 220 ఎఱ్ఱబంగారు దీనారములు. త్రోవలో చచ్చినవానికిని రాజు బొక్కసమునుండియే వెల చెల్లవలెను. ఆ కాలముననే మార్కోపోలో, గుఱ్ఱపు వర్తకులు అశ్వవైద్యులను ఆ దేశమునకు రానీయరని వ్రాసెను. వైద్యుడు లేకున్న గుఱ్ఱము చచ్చును. చచ్చిన మరల కొందురు. మందులవానికంటె రోగమే లాభకరమని కనిపెట్టినవారు నేటివారు కారు.

విజయనగరమున సాళువ నరసింహరాయలు (1485–1491) ఈ పద్ధతిని మఱింత పెంచెను. పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసినదానినిబట్టి, రాయలు ఓర్ముజ్, ఏడెన్ పట్టణములనుండి గుఱ్ఱములను తెప్పించి, బ్రతికినవి కాని చచ్చినవి కాని, మూడింటికి వేయి వరహాల చొప్పున నిచ్చెనట. సముద్రమున చచ్చినదానికి తోకను తెచ్చి చూపిన చాలును. మన పురాణమున ఉచ్చైశ్శ్రవస్సు తోక వన్నెపై పందెమువేసి వినత దాసియయ్యెను. విజయనగరపు రేవులలో తోక చూపి వర్తకుడు ధనికుడయ్యెను. ఒక్కొక్క గుఱ్ఱమునకు తోక యొక్కటియే యుండుట రాయల బొక్కసమునకు మేలయ్యెను. నవ్వు నటుంచి చూచినచో రాయలు అమాయకుడు కాడు. సముద్రపు టపాయమును వర్తకుని నెత్తిన వేసినచో వర్తకుడు రేవు మార్చును. మంచి గుఱ్ఱము పొరుగు సుల్తానునకు చేరును. అశ్వములను తెచ్చు విదేశ వర్తకుల నాదరింపవలెనని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున జెప్పినదియు ఈ భావముతోనే.

నూనిజ్ మరియొక సంగతిని గూడ వ్రాసెను. రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొని, మేలైనవానిని తన సాలకు నిలుపుకొని, తక్కిన దేశవాళీ గుఱ్ఱములను నాయకులకు అయిదింటికి వేయి వరహాల చొప్పున అంటగట్టును. వెలను వారు సెప్టెంబరు నెలలో చెల్లింపవలెను. ఆ ధనముతో రాయలు పోర్చుగీసువారి అరబ్బీ గుఱ్ఱములకు బాకీ తీర్చును. మేలు గుఱ్ఱము రాజుది, తట్టు నాయకునిది, రెండింటి వెలయు నాయకునిదే. వలదనుటకు నాయకునకు నోరేది?

ఉత్తరదేశమున ఎరవు గుఱ్ఱము సైన్యములోనికే చొరబడెను. రౌతునకు జీతము గుఱ్ఱమును చూపినగాని రాదు. ఒకే గుఱ్ఱము ఉదయమున నొకని గుఱ్ఱమై మధ్యాహ్నమున మరియొకని గుఱ్ఱమగుచుండెను. దీనిని మాన్పుటకై అల్లాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) గుఱ్ఱమునకు కాల్చి ముద్ర వేయించుటయు, రౌతు రూపురేఖలను వ్రాసికొనుటయు నేర్పాటు చేసెను. మొదటిదానికి దాఘ్ అనియు, రెండవదానికి హులియా అనియు పేళ్లు. 16వ శతాబ్దమున అక్బరు ముద్రను మరల తెచ్చినప్పుడు, దొరలు గుఱ్ఱములనేకాక మనుష్యులనే ఎరవు తెచ్చి లెక్కకు నిలుపుచుండిరని బదాయూనీ యెత్తిపొడిచెను. పరీక్షాధికారి వచ్చు దినమున పొరుగు బడి పిల్లలను అరువు తెచ్చి వరుసలు నింపిన పాఠశాలల కథలు విన్నవారికి ఇది వింత కాదు.

మహారాష్ట్రసైన్యమున ఈ భేదము పేళ్లలోనే యుండెను. సొంత గుఱ్ఱముతో వచ్చినవాడు శిలేదారు. పరుల గుఱ్ఱమెక్కినవాడు బార్గీరు. శిలేదారునకు గౌరవమెక్కువ, కాని గుఱ్ఱము చచ్చినచో బ్రతుకుతెరువే చచ్చును. అందుచేత శత్రువుకంటె గుఱ్ఱపు గాయమునకే అతడు భయపడుట సహజము. ఎరవు గుఱ్ఱముపై ధైర్యము, సొంత గుఱ్ఱముపై జాగ్రత్త — ఇదియు మనుష్యస్వభావమే.

ఇంతవఱకు ఎరవు గుఱ్ఱములను చెప్పితిమి. ఇక ఎరవు మాటలను జూతము. గుఱ్ఱమను మాట మన భాషదే. తమిళుల కుదిరైయు కన్నడిగుల కుదురెయు దాని చుట్టములే. కాని దానిపై వేసిన సామగ్రి యంతయు పరులది. జీను పారసీకము, లగాము పారసీకము, సవారి పారసీకము, రికాబు అరబ్బు. కాలుబెట్టు రికాబునకు పూర్వము అంకవన్నె యను చక్కని మాట యుండెను. దానిని నేడు నిఘంటువులో వెదకవలెను. వాగె సంస్కృతపు వల్గనుండి వచ్చినది. రౌతు రాజపుత్రునినుండి దిగినవాడు. పోనీ సంస్కృతమైన నెవరికిని బాకీ పడలేదనుకొందమన్న, కళ్లెమునకు పేరైన ఖలీనము గ్రీకుల ఖలినోస్ అను మాటయేయని పండితులు పలువురు తలచుచున్నారు. గ్రీకురౌతు వచ్చిపోయెను, కళ్లెము ఇచటనే నిలిచెను. శుద్ధభాషకై పట్టుబట్టువారు పరమాటల నన్నింటిని మరల నీయదలచినచో, మొదట జీను దింపవలెను, పిమ్మట రికాబు, పిమ్మట కళ్లెము. మిగిలినది గుఱ్ఱము, దానిపై ఎక్కుట కష్టము, ఎక్కి నిలుచుట మఱింత కష్టము. మాటల ఎరవులో ఒక సుగుణము గలదు. ఇచ్చినవాని సొత్తు తఱుగదు; తెచ్చినవాడు మరల నీయనక్కఱలేదు. వామదేవునకు కోపము రాని ఎరవు ఇదియొక్కటే.

గుఱ్ఱపు నడకలకు అమరసింహుడు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యైదు పేళ్లు చెప్పి, ధారలనెను. ఇంగ్లీషువారి నడకలలో నొకదానికి కాంటరు అని పేరు. అది కాంటర్‌బరీ పుణ్యక్షేత్రమునకు పోవు యాత్రికుల మెల్లని దౌడునుండి పుట్టినదట. వారు ‘ఏ’ వలె కటకము పోయినవారు కారు.

నేటి ఇంగ్లండున గుఱ్ఱమును ఎరవిచ్చుట మిక్కిలి వాడుకలో నున్నది. పిల్లలు పెద్దవారై పొట్టి గుఱ్ఱము చాలనప్పుడు గాని, యజమానికి తీఱిక లేనప్పుడు గాని, అమ్మక యితరులకు పెంపకమునకిత్తురు. పూర్ణమైన ఎరవు, వారములో కొన్ని దినముల పాలు, కొనదలచి చూచుటకై తెచ్చు ఎరవు అని భేదములు గలవు. పత్రమున దాణా యెవరిది, లాడములు ఎవరు కొట్టింపవలెను, వైద్యుని రుసుము ఎవరిది, ఎవరెవరు ఎక్కవచ్చును, ఎన్ని దినముల ముందు చెప్పి మరల తీసికొనవలెను అని వ్రాయుదురు. 2020 అక్టోబరు నుండి అచట ప్రతి గుఱ్ఱమునకును చర్మము క్రింద గుర్తుబిళ్ల యుండవలెనని చట్టము. ఖిల్జీ ముద్రకు ఇది మనుమరాలు. కాల్చుటలేదు, అంతియే భేదము.

ఆ పత్రములలోని పరిభాషను మాటకుమాట తెలిగించినచో మంచి ప్రహసనమగును. గుఱ్ఱపుటెత్తును వారు చేతులతో కొలుతురు. ఒక చెయ్యి నాలుగంగుళములు. “పదునైదు చేతుల గుఱ్ఱము” అని వ్రాసినచో, పండ్రెండు చేతుల షణ్ముఖుని మించిన దేవతయని మన పిల్లలు దండము పెట్టుదురు. శిక్ష లేనిది పచ్చిది. బాంబు ప్రేలినను బెదరదని యజమాని చెప్పునది ‘బాంబ్‌ప్రూఫ్’. పిడికెడు మేతకే బలియునది ‘గుడ్ డూయర్’. ఏమియు చేయకయే బలిసినదానిని మంచి పనిచేయునదనుట వింత. ఎక్కుటకు పనికిరాక, వేఱొక గుఱ్ఱమునకు తోడుగా మాత్రముండునది సహచరి. ఇక అన్నింటిలో మేలైనది ‘స్కూల్‌మాస్టర్’. వయసు మీఱి, అన్ని విద్యలు నేర్చి, పచ్చి రౌతులు మీద నెక్కి తప్పులు చేసినను ఓర్చుకొని, వారికే స్వారి నేర్పు ముసలి గుఱ్ఱమునకు ఆ బిరుదము. ఇరువదియేండ్లుగా బడిపంతులుతనము చేయుచున్న మాకు ఈ పేరునందు వెక్కిరింత యేమియు కనబడలేదు. లక్షణములన్నియు సరిపోయినవి, దాణా విషయమొక్కటి విచారింపవలసియున్నది.

గుణదోషములయందును దేశభేదము గలదు. వారి పత్రమున దోషమనగా తన్నుట, గాడి కొఱుకుట, నిలిచినచోట ఊగుట. మన అశ్వశాస్త్రములలో దోషమనగా సుడి. మనుమంచిభట్టు హయలక్షణ విలాసము వంటి గ్రంథములు గుఱ్ఱపు వెండ్రుకల సుడులు ఎచటనుండిన యజమానికి మేలో కీడో వివరించినవి. వారు గుఱ్ఱము చేసినదాని నెంచిరి. మనము దాని నుదుట వ్రాసినదాని నెంచితిమి. తన్నని గుఱ్ఱమును సుడి చెడ్డదని తక్కువ వెలకడుగుట బేరగానికి లాభము, గుఱ్ఱమునకు అపకీర్తి. మనుష్యుల విషయమునను ఈ పద్ధతిని మనము పూర్తిగా విడువలేదని చెప్పుటకు వేఱు వ్యాసము కావలెను.

ఇన్ని యొడంబడికలలోను ఒకటి గమనింపదగియున్నది. ఇచ్చువాని హక్కు గలదు, తెచ్చినవాని బాధ్యత గలదు. దిక్కు, దూరము, గడువు, తోక, ముద్ర, సుడి — అన్నియు గలవు. గుఱ్ఱము మాట ఎచటను లేదు. కటకపు త్రోవలో పడినది ‘ఏ’ కాదు, గుఱ్ఱము. ఓడలో చచ్చినది వర్తకుడు కాడు. దాని గాయమునకు పరిహారము యజమానికి పోయెను. దానికి మేలుగా నొక నియమము చేసినవాడు, మాకు దెలిసినంతలో, పండితుడు కాడు. కేంబ్రిడ్జిలో బండ్లు నడపి గుఱ్ఱములను బాడుగకిచ్చిన థామస్ హాబ్సన్ (1544–1631). ఆ విద్యార్థులు వడిగల గుఱ్ఱములనే కోరి, వానినే అలయగొట్టుచుండిరి. హాబ్సన్, ఎవడు వచ్చినను తలుపు దగ్గఱనున్న గుఱ్ఱమునే తీసికొనవలెను, లేకున్న నడచిపోవలెనని నియమించెను. వచ్చిన గుఱ్ఱము వెనుక వరుసలో నిలిచి విశ్రమించును. గతిలేని యెంపికకు ఇంగ్లీషువారు నేటికిని హాబ్సన్ ఎంపికయని నవ్వుదురు. విద్యార్థికి ఎంపిక లేకుండుటచేతనే గుఱ్ఱమునకు విశ్రాంతి దొరకెనని ఆ నవ్వులో మఱచిరి.

పశువును హింసించుట నేరమని ఇంగ్లండు చట్టసభ 1822లో ఒప్పుకొనెను. మనదేశమంతటికి అట్టి చట్టము 1890లో వచ్చెను. దాని స్థానమున 1960 నాటి చట్టము నేడు నడచుచున్నది. జబ్బుచేతనో పుండుచేతనో పనికి తగని పశువును పనిలో పెట్టినవాడును, పెట్టనిచ్చిన యజమానియు ఇరువురును దోషులని అది చెప్పుచున్నది. అరీకియా మెట్టనుండి ఇచటికి వచ్చుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

పత్రము వ్రాయుట స్నేహమునకు లోపమని మనవారిలో పలువురు తలతురు. మొగమాటముచేత మాట తేల్చక యిత్తురు. తేల్చనందుచేత మొగము చెడగొట్టుకొందురు. వామదేవుడు మహర్షియయ్యు నియమము చెప్పియే యిచ్చెను; చెప్పియుండుటచేతనే అతనిది న్యాయమని వినువారికి తోచుచున్నది. ఎంత దూరము, ఎన్నాళ్లు, ఎవరికి అని ముందు చెప్పుకొనుట అపనమ్మకము కాదు, నమ్మకమును కాచు కంచె. ఆ మూడింటితో నాలుగవది — ఎరవు పోవు ప్రాణికి మేతయు విశ్రాంతియు ఎవరు చూతురు — అని చేర్చినచో ఒడంబడిక పూర్తియగును. “రౌతు కొద్దీ గుఱ్ఱము” అని సామెత. ఎరవు తెచ్చిన రౌతు ఎట్టివాడో తెలియవలెనన్న, మరల వచ్చిన గుఱ్ఱపు వీపును చూచిన చాలును.